సే, టెల్, స్పీక్, టాక్: ఎక్కడ ఏది వాడాలి

తెలుగులో 'చెప్పు' అనే క్రియకు పని ఎక్కువ. రానని చెప్పాడు, కథ చెప్పాడు, థ్యాంక్స్ చెప్పాడు, నిజం చెప్పాడు, పని చెప్పాడు, పాఠం చెప్పాడు అని ఎన్ని రకాలుగా వాడినా క్రియ మారదు, వినేవారికి తికమకా కలగదు. ఇవే వాక్యాలను ఇంగ్లీషులో పెట్టబోతే రానని చెప్పడానికి, థ్యాంక్స్ చెప్పడానికి 'సే' కావాలి. కథకు, నిజానికి, పని చెప్పడానికి 'టెల్' కావాలి. పాఠానికి ఈ రెండూ పనికిరావు, 'టీచ్' అనాల్సిందే. 'మాట్లాడు' దగ్గరికి వస్తే 'స్పీక్', 'టాక్' అని మళ్ళీ రెండు దారులు. నిఘంటువు తెరిస్తే ఈ నాలుగింటి కిందా చెప్పు, పలుకు, మాట్లాడు అన్న మాటలే అటూ ఇటూగా కనిపిస్తాయి కాబట్టి, కేవలం అర్థాన్ని పట్టుకుని ఎంచుకోవాలనుకునేవారికి నిఘంటువు పెద్దగా అక్కరకు రాదు.

అర్థం కన్నా క్రియకు వెనువెంటనే ఏం వస్తుందన్నది మేలైన ఆధారం. 'సే' దృష్టి అంతా పలికిన మాటల మీద ఉంటుంది, 'టెల్' దృష్టి విన్న మనిషి మీద ఉంటుంది, 'స్పీక్' నోరు విప్పి పలకడాన్ని చూస్తుంది, 'టాక్' ఇద్దరి మధ్య సాగే సంభాషణను చూస్తుంది. ఈ తేడా ఎవరో వ్యాకరణవేత్తలు కూర్చుని పెట్టిన నియమం కాదు. ఆ మాటల చరిత్రలోనే దాని ఛాయలు కనిపిస్తాయి. అందుకే ముందుగా వాటి పుట్టుక కొంత తెలుసుకుంటే, తరువాత వాడుకలో ఎదురయ్యే చిక్కుముడులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

టెల్: మొదట లెక్క, తరువాత కథ

నాలుగింటిలో చరిత్ర ఆసక్తికరంగా ఉన్నది 'టెల్' క్రియదే. ప్రాచీన ఆంగ్లంలో దీని రూపం 'టెల్లన్'. దానికి లెక్కపెట్టడం, ఎంచడం, వరుసగా వివరించడం అనే అర్థాలు ఉండేవి. ఇంగ్లీషుకు దగ్గరి చుట్టాలైన భాషలలో ఆ పాత అర్థం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. డచ్చి భాషలో 'టెల్లెన్' అంటే లెక్కించడం, 'వెర్‌టెల్లెన్' అంటే కథ చెప్పడం. జర్మనులో 'త్సేలెన్' అంటే లెక్కించడం, 'ఎర్‌త్సేలెన్' అంటే వివరించి చెప్పడం. జరిగినవాటిని ఒకటొకటిగా ఎంచి ఎదుటివారి ముందు పెట్టడమే కథనం అన్న ఊహ ఆ భాషలవారిది. మనం 'ఏకరువు పెట్టడం' అంటామే, దాదాపు అదే. ఈ ఊహ జర్మానిక్ భాషలకే పరిమితం కాదు. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు వచ్చిన 'కౌంట్' లెక్కించడమైతే, దానితో ఒకే మూలం పంచుకున్న 'రికౌంట్' జరిగింది వివరించడం, 'అకౌంట్' లెక్కల పద్దూ అవుతుంది, జరిగినదాని కథనమూ అవుతుంది.

ఇంగ్లీషులో ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు, అక్కడక్కడ మాటల్లో దాక్కుని ఉంది. బ్యాంకులో డబ్బు లెక్కపెట్టి ఇచ్చే ఉద్యోగిని 'టెల్లర్' అనడం అందుకే. ఏటీఎం అన్న మూడక్షరాల్లో నడుమ ఉన్న 'టీ' ఆ టెల్లరే. బ్రిటిషు పార్లమెంటు దిగువ సభలో ఓటింగు కోసం సభ్యులు రెండు వైపులుగా విడిపోయినప్పుడు ఓట్లు లెక్కించే సభ్యులను కూడా టెల్లర్లనే పిలుస్తారు. 'ఆల్ టోల్డ్' అంటే అన్నీ కలిపి లెక్కిస్తే అని, 'అన్‌టోల్డ్ వెల్త్' అంటే లెక్కకు అందని సంపద అని. దీనిని 'చెప్పని సంపద' అని అనువదించినవారు ఉంటే వారిని తప్పుపట్టలేం, మూలం తెలియకపోతే అలాగే తోస్తుంది. 'టెల్ ఆఫ్' అనే జంటమాటకు ఇప్పుడు చీవాట్లు పెట్టడమనే అర్థమే స్థిరపడింది కానీ, దళంలోంచి కొందరిని లెక్కపెట్టి వేరుచేసి ఒక పనికి పంపడం దాని పాత అర్థం.

లెక్కించాలంటే ముందు ఒకదానిని మరొకదాని నుంచి వేరుగా గుర్తించాలి. 'టెల్' క్రియకు గుర్తుపట్టడం, తేడా పోల్చుకోవడం అనే అర్థం వచ్చింది ఈ దారిలోనే. 'ఐ కాంట్ టెల్ ది ట్విన్స్ అపార్ట్' అంటే ఆ కవలల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేకపోతున్నానని అర్థం. 'టెల్ ది డిఫరెన్స్', 'టెల్ ది టైమ్', 'హౌ కెన్ యూ టెల్?' వంటివన్నీ ఈ కోవలోవే. ఇక్కడ నోటితో చెప్పడం అన్న ప్రసక్తే లేదు. గడియారం చూసి సమయం తెలుసుకోవడం నేర్చుకున్న పిల్లవాడి గురించి 'హి కెన్ టెల్ ది టైమ్' అంటారు కానీ 'హి కెన్ సే ది టైమ్' అనరు. అలా అంటే ఆ మాటలు పలకగలడన్నంత వరకే అవుతుంది.

ఇక 'సే' సంగతి తేలిక. ప్రాచీన ఆంగ్లంలోని 'సెజ్జన్' నుంచి వచ్చింది, జర్మను 'జాగెన్', డచ్చి 'జెగెన్' దానికి తోబుట్టువులు. పాత రోజుల్లో ఒకరి మాటలను యథాతథంగా ఉటంకించడానికి 'క్వెదన్' అనే మరో క్రియ విరివిగా ఉండేది. దాని భూతకాల రూపమైన 'క్వోత్' పాత కవిత్వంలో తప్ప ఇప్పుడు వినపడదు. ఆ పని మొత్తం 'సే' నెత్తిన పడింది. పలికిన మాటలను పట్టుకురావడమే 'సే' ప్రధాన బాధ్యత కావడానికి ఇదీ ఒక కారణమే. మరొకటి, ఇది ఉచ్చారణకు సంబంధించినది: 'సే' అన్న రూపాన్ని బట్టి తక్కిన రూపాలను 'సేస్', 'సెయిడ్' అని చదవడం మనవాళ్ళలో బాగా వినపడుతుంది. సరైన ఉచ్చారణ 'సెజ్', 'సెడ్'. రెండింటిలోనూ అచ్చు పొట్టిదే.

'అను' పెట్టి చూడండి

'సే', 'టెల్' మధ్య ఎంచుకోవడానికి వ్యాకరణ పుస్తకాలు ఇచ్చే సూత్రం ఒకటే: 'టెల్' తరువాత వినేవారి పేరో సర్వనామమో నేరుగా రావాలి, 'సే' తరువాత రాకూడదు. 'హి టోల్డ్ మి దట్ హి వాజ్ టైర్డ్' ఒప్పు, 'హి సెడ్ దట్ హి వాజ్ టైర్డ్' ఒప్పు. 'హి టోల్డ్ దట్ హి వాజ్ టైర్డ్', 'హి సెడ్ మి దట్ హి వాజ్ టైర్డ్' రెండూ తప్పు. సూత్రం సరైనదే, కథ, అబద్ధం, సమయం వంటి మాటలతో 'టెల్' వచ్చినప్పుడు మాత్రం వినేవారు లేకపోయినా చెల్లుతుంది. అయినా తెలుగువారి ఇంగ్లీషులో 'హి టోల్డ్ దట్' అన్న ప్రయోగం ఇంత పాతుకుపోవడానికి కారణం సూత్రం తెలియకపోవడం కాదు. 'అలసిపోయానని చెప్పాడు' అన్న వాక్యంలో ఎవరికి చెప్పాడన్నది మనం వదిలేస్తాం, వదిలేసినా వాక్యం నిండుగానే ఉంటుంది. 'చెప్పు' అనగానే 'టెల్' గుర్తుకొస్తుంది, వినేవారు లేకుండానే వాక్యం నడిచిపోతుంది. పొరపాటు తెలుగు వాక్యంలోనే మొదలవుతుంది కాబట్టి, దిద్దుబాటు కూడా అక్కడే మొదలుకావడం మంచిది.

నా దృష్టిలో అందుకు పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంది. తెలుగు వాక్యంలో 'చెప్పు' తీసేసి 'అను' పెట్టి చూడాలి. వాక్యం సహజంగా నిలబడితే ఇంగ్లీషులో 'సే' వాడాలి, నిలబడకపోతే 'టెల్' వాడాలి. 'అలసిపోయానని అన్నాడు' నిలబడుతుంది, కనుక 'సెడ్'. 'హలో అన్నాడు', 'సారీ అంది', 'సరేనన్నారు' నిలబడతాయి, కనుక 'సే హలో', 'సే సారీ', 'సే యెస్'. 'నాకు అన్నాడు' నిలబడదు, కనుక 'టోల్డ్ మి'. 'కథ అన్నాడు', 'అబద్ధం అన్నాడు', 'జోకు అన్నాడు' నిలబడవు, కనుక 'టెల్ ఎ స్టోరీ', 'టెల్ ఎ లై', 'టెల్ ఎ జోక్'. 'నాతో అన్నాడు' మాత్రం చక్కగా నిలబడుతుంది, ఇంగ్లీషులో కూడా 'సెడ్ టు మి' ఒప్పే. తెలుగు 'అను' క్రియ, ఇంగ్లీషు 'సే' క్రియ రెండూ పలికిన మాటలనే పట్టుకుని ఉంటాయి కాబట్టి ఈ పోలిక ఇంతదూరం వస్తుంది. ఊహించి మాట్లాడేటప్పుడు మనం 'పదిమంది వస్తారనుకుందాం' అంటాం, ఇంగ్లీషువారు 'లెట్స్ సే టెన్ పీపుల్ కమ్' అంటారు. మనం 'అంటే' అనేచోట వారు 'దట్ ఈజ్ టు సే' అంటారు. మనం 'వెనకటికి ఎవరో అన్నట్టు' అంటే వారు 'యాజ్ దే సే' అంటారు.

ఈ పరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయి. ప్రార్థనను మనం 'అనం', చేస్తాం. ఇంగ్లీషులో 'సే ఎ ప్రేయర్' అంటారు. సభలో ఎవరినైనా నాలుగు మాటలు చెప్పమని కోరితే అది 'సే ఎ ఫ్యూ వర్డ్స్' అవుతుంది. అక్కడ 'అను' పెట్టి 'నాలుగు మాటలు అన్నాడు' అని చూస్తే అది తిట్టడమైపోతుంది. పరీక్ష వినేవారి సంగతి తేలుస్తుందే తప్ప ఇలాంటి పలుకుబళ్ళను తేల్చలేదు. అవి వాడుకలో వినడం వల్ల పట్టుబడాల్సిందే. అదృష్టవశాత్తు అవి మరీ ఎక్కువ లేవు.

థ్యాంక్స్ విషయం మాత్రం విడిగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ జారిపడేవారు చాలామంది. 'ఆయనకు థ్యాంక్స్ చెప్పాను' అన్న వాక్యంలో 'ఆయనకు' అన్న మాట కనపడగానే 'టెల్' మీదికి చూపు పోతుంది, 'ఐ టోల్డ్ హిమ్ థ్యాంక్స్' వచ్చేస్తుంది. పలికిన మాట 'థ్యాంక్స్' కనుక ఇక్కడ క్రియ 'సే' కావాలి, వినేవారు 'టు' తరువాత రావాలి: 'ఐ సెడ్ థ్యాంక్స్ టు హిమ్'. ఇంకా సూటైన దారి 'ఐ థ్యాంక్డ్ హిమ్'. అలాగే 'మీ అమ్మగారిని అడిగానని చెప్పు' అన్న మర్యాద మాటకు 'టెల్ హాయ్ టు యువర్ మదర్' అని కాక 'సే హాయ్ టు యువర్ మదర్ ఫర్ మి' అంటారు. వాక్యంలో వినేవారూ ఉండి, పలికిన పలకరింపూ ఉన్నప్పుడు పలకరింపుదే పైచేయి అని గుర్తుపెట్టుకుంటే చాలు.

'టు' చేర్చడంలో కూడా ఒక మెలిక ఉంది. 'హి టోల్డ్ టు మి' తప్పని నేర్చుకున్నవారు 'టోల్డ్' పక్కన 'టు' ఎక్కడ కనపడినా భయపడిపోతారు. 'షి టోల్డ్ ది స్టోరీ టు ది చిల్డ్రన్' నిక్షేపంలాంటి వాక్యం. చెప్పిన విషయం ముందు వచ్చి, వినేవారు తరువాత వస్తే 'టు' ఉండాలి. వినేవారు క్రియను అంటిపెట్టుకుని వస్తే 'టు' ఉండకూడదు. 'షి టోల్డ్ ది చిల్డ్రన్ ది స్టోరీ' అన్నా అదే అర్థం. ఇచ్చే క్రియల్లో చాలావాటికి ఇదే పద్ధతి. 'గేవ్ మి ది బుక్', 'గేవ్ ది బుక్ టు మి' అన్న రెండు వాక్యాలను పక్కన పెట్టుకుని చూస్తే, 'టెల్' కూడా సమాచారాన్ని ఒకరి చేతిలో పెట్టే క్రియేనని, ఆ అందుకునే చేయి లేనిదే దానికి పని లేదని స్పష్టమవుతుంది.

పని పురమాయించేటప్పుడు ఎంపిక గురించి తడుముకోవాల్సిన అవసరం లేదు. 'విశ్రాంతి తీసుకోమని డాక్టరు చెప్పారు' అన్నది 'ది డాక్టర్ టోల్డ్ మి టు రెస్ట్' అవుతుంది, 'బయటికి వెళ్ళవద్దని చెప్పారు' అన్నది 'టోల్డ్ మి నాట్ టు గో అవుట్' అవుతుంది. తెలుగులో 'తీసుకోమని' అన్నచోట ఉన్న 'అని' చూసి 'టోల్డ్ మి దట్ టేక్ రెస్ట్' అనేవారున్నారు, అది ఏ లెక్కనా కుదరదు. వినేవారిని చెప్పకుండా 'ది డాక్టర్ సెడ్ టు రెస్ట్' అనడం మాటల్లో వినిపిస్తుంది, రాతలో మాత్రం మానుకోవడమే మంచిది. ప్రశ్నల దగ్గర 'టెల్' పనికిరాదు. ''వేర్ ఈజ్ ఇట్?' హి సెడ్' అనవచ్చు, 'హి ఆస్క్డ్' అంటే ఇంకా బాగుంటుంది, 'హి టోల్డ్ మి' అంటే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే ప్రశ్నలో ఎదుటివారి చేతిలో పెట్టే సమాచారమేదీ లేదు.

కర్మణి వాక్యాలలో రెండు క్రియలూ రెండు వేర్వేరు పనులు చేస్తాయి. 'నాకు చెప్పారు' అన్నది 'ఐ వాజ్ టోల్డ్'. అక్కడ 'ఐ వాజ్ సెడ్' అనకూడదు, ఎందుకంటే 'నేను' అన్నది పలకబడే మాట కాదు. 'ఆయన చాలా నిక్కచ్చి మనిషంటారు' అన్నది 'హి ఈజ్ సెడ్ టు బి వెరీ స్ట్రిక్ట్'. ఇక్కడ మళ్ళీ 'అంటారు' ఉంది, మళ్ళీ 'సే' వచ్చింది. రాతపూర్వకంగా ఉన్నదాన్ని చెప్పడానికి కూడా 'సే' వాడుకోవచ్చు, ఈ సదుపాయాన్ని మనవాళ్ళు తగినంతగా వాడుకోవడం లేదని నాకు అనిపిస్తుంది. 'బోర్డు మీద ప్రవేశం లేదని రాసి ఉంది' అనడానికి 'ఆన్ ది బోర్డ్ ఇట్ ఈజ్ రిటెన్ దట్' అంటూ డొంకతిరుగుడు పోనక్కరలేదు. 'ది బోర్డ్ సెజ్ నో ఎంట్రీ' చాలు. ఉత్తరం, గడియారం, వంట పుస్తకం, వాతావరణ సూచన అన్నీ ఇంగ్లీషులో ఇలాగే 'సే' చేస్తాయి.

ఈ రెండింటి తేడా ఒక్కచోట తేటతెల్లంగా చూడాలంటే 'సే యువర్ నేమ్', 'టెల్ మి యువర్ నేమ్' అన్న రెండు వాక్యాలను పోల్చాలి. మైకు పనిచేస్తోందో లేదో పరీక్షించేవారు మొదటిది అంటారు, వారికి కావలసింది పేరు పలికిన శబ్దం. దరఖాస్తు నింపేవారు రెండోది అంటారు, వారికి కావలసింది సమాచారం. తెలుగులో రెండుచోట్లా 'మీ పేరు చెప్పండి' అనే అంటాం.

'టెల్ మి' అన్న మాట వల్ల ఫోనులో జరిగే ఒక ఇబ్బందిని కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఫోను ఎత్తగానే మనం మర్యాదగా 'చెప్పండి' అంటాం. అందులో బహువచనం, గౌరవం, 'మీ మాట వినడానికి సిద్ధంగా ఉన్నాను' అన్న సుముఖత అన్నీ ఉన్నాయి. దాన్ని అలాగే 'టెల్ మి' అని అంటే ఆ గౌరవమంతా జారిపోయి, 'ఏంటి సంగతి, చెప్పు' అన్నంత కటువుగా అవతలివారి చెవిన పడుతుంది. తెలిసినవారైతే 'హాయ్, వాట్స్ అప్?' అనో, కార్యాలయ వ్యవహారమైతే 'హౌ కెన్ ఐ హెల్ప్ యూ?' అనో అనాలి. మాట్లాడుతున్నవారు మధ్యలో ఆగితే కొనసాగించమనడానికి 'గో అహెడ్' ఉంది.

స్పీక్, టాక్

'స్పీక్' పాత రూపం 'స్ప్రెకన్'. జర్మను 'ష్ప్రెహెన్', డచ్చి 'స్ప్రేకెన్' రూపాలలో ఇప్పటికీ ఉన్న రేఫ ఇంగ్లీషులో మాత్రం ప్రాచీన ఆంగ్లం ముగిసే కాలానికి జారిపోయి 'స్పెకన్' మిగిలింది. భూతకాలంలో ఇప్పుడు 'స్పోక్' అంటున్నా, 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలులో అడుగడుగునా కనిపించేది 'స్పేక్' అన్న పాత రూపమే. 'టాక్' వీటన్నిటికన్నా చిన్నది. 13వ శతాబ్దపు రాతల నుంచి కనిపిస్తుంది. దాని మూలం 'టెల్', 'టేల్' మాటల మూలమే. చివర చేరిన కకారం ఒక పనిని పదేపదే చేయడాన్ని తెలిపే పాత ప్రత్యయం, 'హియర్' పక్కన ఉన్న 'హార్క్' లోనూ అదే ఉందంటారు. అంటే 'టాక్' పుట్టుకలోనే మాట మీద మాటగా సాగిపోవడమనే ఛాయ ఉంది. ఇందులోని లకారం రాతలో ఉంటుంది, నోట పలకదు.

ఈ రెండింటికీ మధ్య తేడా 'సే', 'టెల్' మధ్య ఉన్నంత కచ్చితమైనది కాదు. దీని మీద పరీక్షల పుస్తకాలు చూపే పట్టింపు అవసరానికి మించినదని నా అభిప్రాయం. 'ఐ స్పోక్ టు హర్ యెస్టర్డే', 'ఐ టాక్ట్ టు హర్ యెస్టర్డే' రెండూ ఒప్పే. మొదటిది కాస్త పద్ధతిగా, రెండోది కాస్త చనువుగా వినిపిస్తుంది, అంతే. అయితే ఆ పద్ధతికీ చనువుకూ ఒక్కోసారి బరువు ఎక్కువవుతుంది. పై అధికారి 'ఐ విల్ స్పీక్ టు హిమ్' అన్నాడంటే మందలించబోతున్నాడని అర్థం చేసుకునే అవకాశం ఉంది. 'వి నీడ్ టు టాక్' అన్న మాట దగ్గరివారి నోట వస్తే, కుశల ప్రశ్నల కోసం కాదని అందరికీ తెలుసు.

తప్పనిసరిగా ఒకదానినే వాడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. భాషల పేర్లతో 'స్పీక్' వాడాలి: 'షి స్పీక్స్ త్రీ లాంగ్వేజెస్'. సభలో ఒకరు నిలబడి ప్రసంగించడం 'స్పీక్', ఫోనులో 'మాట్లాడేది ఎవరండీ' అన్నది 'హూ ఈజ్ స్పీకింగ్?', సూటిగా మనసులో మాట బయటపెట్టడం 'స్పీక్ యువర్ మైండ్', కాస్త గట్టిగా పలకమనడం 'స్పీక్ అప్', కచ్చితంగా చెప్పాలంటే అన్నది 'స్ట్రిక్ట్‌లీ స్పీకింగ్'. దెబ్బ తగిలి నోట మాట రానివారి గురించి 'హి కుడ్ నాట్ స్పీక్' అంటారు, అక్కడ సంగతి పలికే శక్తికి సంబంధించినది. తరగతిలో గుసగుసలాడే పిల్లలను 'స్టాప్ టాకింగ్' అంటారు, అక్కడ సంగతి కబుర్లకు సంబంధించినది. ఎదురు మాట్లాడటం 'టాక్ బ్యాక్', చిన్నవాళ్ళన్నట్టు తీసిపారేసి మాట్లాడటం 'టాక్ డౌన్ టు', నచ్చజెప్పి ఒప్పించడం 'టాక్ సమ్‌వన్ ఇంటు', నచ్చజెప్పి మాన్పించడం 'టాక్ సమ్‌వన్ అవుట్ ఆఫ్'. ఈ చివరి రెండింటిలో తప్ప 'టాక్' క్రియకు మనిషి నేరుగా కర్మ కావడం అరుదు. కనుక 'ఐ టాక్ట్ హిమ్' అని ఆపేయకూడదు, 'టు' కానీ 'విత్' కానీ ఉండాలి.

నామవాచకాలలో ఈ తేడా ఇంకా స్పష్టం. 'స్పీచ్' ఒకరు ఇచ్చే ఉపన్యాసం, 'టాక్' అంతకన్నా తేలికైన ప్రసంగం, 'టాక్స్' అని బహువచనంలో అంటే రెండు పక్షాల మధ్య చర్చలు. 'సే' కూడా నామవాచకమవుతుంది: 'హావ్ ఎ సే' అంటే నిర్ణయంలో తన మాటకు చోటుండటం. నిజం చెప్పడానికి 'టెల్ ది ట్రూత్' నిత్య వ్యవహారం, 'స్పీక్ ది ట్రూత్' కాస్త గంభీరం. ఇంట్లో కప్పు ఎవరు పగలగొట్టారో తేల్చడానికి రెండోది వాడితే నాటకంలో సంభాషణలా ఉంటుంది.

కార్యాలయ రాతలో

ఉద్యోగ లేఖలు రాసేటప్పుడు ఈ నాలుగూ మరీ మామూలు మాటలని తోచి, బరువైన వాటి కోసం వెతకడం సహజం. ఆ బరువైనవి ఎక్కువభాగం 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి ద్వారా, దానికి తోడు లాటిను నుంచి వచ్చి చేరినవి. 'ఇన్‌ఫామ్', 'మెన్షన్', 'డిస్కస్', 'ఎక్స్‌ప్లెయిన్', 'డిక్లేర్', 'అనౌన్స్' అన్నీ ఆ బాపతువే. వీటిలో ఏది 'టెల్' దారిలో నడుస్తుందో, ఏది 'సే' దారిలో నడుస్తుందో తెలియకుండా వాడితే మాట బరువైనా వాక్యం కుంటుతుంది.

'ఇన్‌ఫామ్' అచ్చంగా 'టెల్' దారిలోనిది. వినేవారు నేరుగా రావాలి, విషయం 'ఆఫ్', 'అబౌట్', 'దట్' లలో ఒకదానితో రావాలి. 'ప్లీజ్ ఇన్‌ఫామ్ ది మేనేజర్' సరైనది, 'ప్లీజ్ ఇన్‌ఫామ్ టు ది మేనేజర్' కాదు. 'ఎక్స్‌ప్లెయిన్' మాత్రం 'సే' దారిలోనిది. 'ఎక్స్‌ప్లెయిన్ మి ది ప్రాబ్లం' అని ఎంతమంది అన్నా, ఒప్పు 'ఎక్స్‌ప్లెయిన్ ది ప్రాబ్లం టు మి' మాత్రమే. 'సజెస్ట్', 'అనౌన్స్' కూడా దీని వెంటే నడుస్తాయి, కనుక 'సజెస్ట్ మి ఎ బుక్' అనకుండా 'సజెస్ట్ ఎ బుక్ టు మి' అనాలి. మాటల్లో అయితే 'కెన్ యూ రికమెండ్ ఎ బుక్?' అంటే ఇంకా తేలిగ్గా పోతుంది. 'డిస్కస్', 'మెన్షన్' తమలోనే 'గురించి' అన్న అర్థాన్ని దాచుకున్నాయి. 'వి డిస్కస్డ్ అబౌట్ ది బడ్జెట్', 'హి మెన్షన్డ్ అబౌట్ ది డిలే' అన్న వాక్యాలలో 'అబౌట్' కొట్టేస్తే సరిపోతుంది. 'టాక్ అబౌట్' కు మాత్రం అది తప్పనిసరి. 'బడ్జెట్ గురించి చర్చించాం' అన్న తెలుగు వాక్యంలోని 'గురించి' ఇంగ్లీషు వాక్యంలోకి చొరబడుతోందని గమనిస్తే చాలు.

'టోల్డ్' బదులు ప్రతిచోటా 'ఇన్‌ఫామ్డ్' పెట్టినంత మాత్రాన లేఖకు గౌరవం పెరగదు. సహోద్యోగికి రాసే రెండు వాక్యాల ఈమెయిలులో 'యాజ్ ఐ టోల్డ్ యూ ఆన్ ది ఫోన్' అనేదే హాయిగా ఉంటుంది. నోటీసు, ఫిర్యాదు, రాజీనామా వంటి రికార్డులో మిగిలిపోయే కాగితాలలో 'ఇన్‌ఫామ్' తగినది. కాకపోతే 'యాజ్ ఐ టోల్డ్ యూ' అన్న మాటను పైవారికి రాసేటప్పుడు కొంచెం చూసుకోవాలి. ముందే చెప్పాను కదా అని దెప్పుతున్నట్టు వారికి వినిపించవచ్చు కనుక అక్కడ 'యాజ్ ఐ మెన్షన్డ్' అని రాయడం మేలు, 'మెన్షన్' తరువాత వినేవారిని తప్పకుండా చేర్చాల్సిన పని కూడా ఉండదు.